అమెరికాలో సివిల్ పీఈ లైసెన్సు: పరీక్ష సంగతి తర్వాత, ముందు ఎవరి కింద పనిచేస్తున్నారో చూసుకోండి

మీరు అడిగింది ఇది. కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీలో సివిల్ బీటెక్, టెక్సస్‌లో ఎంఎస్, ఇప్పుడు హ్యూస్టన్ దగ్గర ఒక ల్యాండ్ డెవలప్‌మెంట్ కంపెనీలో ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) మీద ఉద్యోగం. చేరి ఏడాది కూడా నిండలేదు. లైసెన్సు దారిలో మొదటి పరీక్ష ఎఫ్ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) ఇంకా రాయలేదు. రూమ్మేట్లు ఐటీకి మారిపొమ్మని పోరుతున్నారు. మన బీటెక్‌ను ఇక్కడ లైసెన్సులిచ్చే రాష్ట్ర బోర్డు ఒప్పుకుంటుందా, పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సు అంత అవసరమా, వచ్చాక ఏం మారుతుంది, ఏది ఎప్పుడు చెయ్యాలి అన్నారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇదే రాష్ట్రంలో డ్రైనేజీ, వరద పనుల్లో ఉన్నాను. నా సీలు (ఈ డిజైన్‌కు బాధ్యత నాదని చెప్పే పీఈ ముద్ర) వేసి డ్రాయింగులు పంపుతుంటాను, నా దగ్గర పనిచేసిన పిల్లల అనుభవ పత్రాల మీద సంతకాలు కూడా చేస్తుంటాను. పరీక్ష ఎలా రాయాలో చెప్పేవాళ్లు మీకు బోలెడుమంది దొరుకుతారు. సంతకం చేసేవాడు ఏం చూస్తాడో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఆ భాగం కాస్త ఎక్కువ రాస్తాను.

ఇంటర్ నుంచీ ఎంసెట్, గేట్, జీఆర్ఈ అంటూ పరీక్షలతోనే పెరిగిన మనకు ఎఫ్ఈ, పీఈ కొండలేం కావు. కూర్చుని చదివితే అయిపోతాయి. మనవాళ్లు ఇబ్బంది పడేది ఆ రెండింటి మధ్య ఉండే నాలుగేళ్ల అనుభవం దగ్గర. పరీక్ష పాసై, నాలుగేళ్లు ఉద్యోగం చేసి, తీరా దరఖాస్తు పెట్టే రోజున "నా పనికి సాక్ష్యం చెప్పే పీఈ ఎవరూ లేరే" అని తల పట్టుకున్నవాళ్లను చూశాను. కాబట్టి మీ మొదటి రెండు ఉద్యోగాలను జీతం చూసి కాకుండా, మీ పైన ఎవరున్నారో చూసి ఎంచుకోండి. ఈ జవాబులో గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

లైసెన్సు ఎందుకు పుట్టిందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మన దేశంలో ఆర్కిటెక్టులకు 1972 చట్టం ఉంది. ఇంజినీర్లకు అలాంటి కేంద్ర చట్టం లేదు. మునిసిపాలిటీ ఇచ్చే లైసెన్సు ఇంటి ప్లాన్ల మంజూరు వరకే. డిగ్రీ చేతికి రాగానే ఇంజినీర్ అయిపోయామనే అలవాటుతో మనం ఇక్కడికి వస్తాం. ఇక్కడ అలా కాదు. 1907లో వయోమింగ్ రాష్ట్రం మొదటి లైసెన్సు చట్టం తెచ్చింది. అక్కడ సాగునీటి హక్కుల కోసం వచ్చే దరఖాస్తులకు జతచేసే మ్యాపులు ఎవరు పడితే వాళ్లు గీసి పంపేవారు, అవి తప్పుల తడకలుగా ఉండేవి. అది భరించలేక చట్టం చేశారు. కాలిఫోర్నియాలో 1928 మార్చిలో సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ తెగి వందలమంది కొట్టుకుపోయారు, మరుసటి ఏడాదే సివిల్ ఇంజినీర్ల చట్టం వచ్చింది. మన టెక్సస్‌లో 1937 మార్చి 18న న్యూ లండన్ అనే ఊళ్లో బడి కింద సహజవాయువు పోగై పేలింది. సుమారు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే ఇంజినీరింగ్ చట్టం చేశారు. వాసన లేని గ్యాస్‌కు వాసన కలపాలన్న నియమం కూడా ఆ ప్రమాదం తర్వాతే వచ్చింది. సీలు వెనక ఇంత కథ ఉంది కాబట్టే బోర్డు మీ మార్కుల కంటే మీ చేతికి ఏ బాధ్యత ఇచ్చారు, మీరు దాన్ని ఎలా మోశారు అని అడుగుతుంది.

ఇక మీ బీటెక్ సంగతి. బోర్డులు మొదట చూసేది అబెట్ (ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే అమెరికా సంస్థ) గుర్తింపు ఉన్న డిగ్రీ. మన కాలేజీలకు అది సాధారణంగా ఉండదు. మన దేశంలో కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ 2014లో, ఒకరి ఇంజినీరింగ్ కోర్సుల గుర్తింపును మరొకరు ఒప్పుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ తరఫున పూర్తి సభ్యత్వం పొందింది గానీ, ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న ప్రతి కోర్సూ దాని కిందికి రాదు. కాబట్టి కాలేజీ నేమ్‌బోర్డు మీద ఎన్‌బీఏ అని రాసి ఉంది కదా అని ధీమా పడకండి. కొన్ని రాష్ట్రాలు ఇక్కడి ఎంఎస్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని బీటెక్ ఒక్కటే చూస్తాయి. మీ సీనియర్ ఏ రాష్ట్రంలో ఏం చేశాడో అది మీకు వర్తించకపోవచ్చు. మీ బోర్డు నియమావళి మీరే తీసి చదవండి, అర్థం కాకపోతే వాళ్లకే ఈమెయిల్ చెయ్యండి. మర్యాదగానే జవాబిస్తారు.

బోర్డు మూల్యాంకనం అడిగితే చాలామంది ఎన్‌సీఈఈఎస్ (ఎఫ్ఈ, పీఈ పరీక్షలు నడిపే సంస్థ) వారి క్రెడెన్షియల్స్ ఇవాల్యుయేషన్, అంటే డిగ్రీ మూల్యాంకనం, చేయించుకుంటారు. ఇక్కడే నెలలు కరిగిపోతాయి. ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలి, మీ చేతిలో ఉన్న మెమోలు స్కాన్ చేసి పంపితే సరిపోదు. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో) సిద్ధంగా ఉంచుకోండి. కోర్సుల వివరణ కూడా అడుగుతారు. మీ బ్యాచ్ ఆర్16 రెగ్యులేషనో ఆర్19 రెగ్యులేషనో చూసి ఆ సిలబస్ కాపీ ఇప్పుడే దింపుకోండి, నాలుగేళ్ల తర్వాత ఆ లింకులు ఉంటాయో ఉండవో. యూనివర్సిటీ ఆఫీసు చుట్టూ తిరగడానికి ఊళ్లో ఒక మనిషి కావాలి, నాన్నగారిని పంపేకంటే ఇంకా అక్కడే ఉన్న జూనియర్‌ను పట్టుకోండి. రిపోర్టు వచ్చాక హ్యుమానిటీస్, సోషల్ సైన్స్ క్రెడిట్లు తక్కువయ్యాయని కనబడితే కంగారు పడకండి. మన సిలబస్‌లో ఇంగ్లిష్, మేఫా (మేనేజీరియల్ ఎకనామిక్స్ సబ్జెక్టు) తప్ప ఆ వైపు పెద్దగా ఉండదు కాబట్టి అది మామూలే. బోర్డు ఒప్పుకుంటే కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులతో ఆ లోటు పూడ్చవచ్చు. ఇంకో మాట. కొన్ని రాష్ట్రాలు ఎంఎస్‌ను ఏడాది అనుభవంగా లెక్కిస్తాయి. కానీ బీటెక్ లోటు పూడ్చడానికి ఒకసారి వాడుకున్న ఎంఎస్‌ను మళ్లీ అనుభవంగా ఇవ్వకపోవచ్చు. ముందే అడగండి.

ఎఫ్ఈ గురించి ఎక్కువ చెప్పను. ఈ ఏడాదిలోనే రాసెయ్యండి. 110 ప్రశ్నలు, మొత్తం ఆరు గంటల సమయం, అందులో పరీక్షకు అయిదు గంటల ఇరవై నిమిషాలు. ఏడాది పొడవునా పియర్సన్ వ్యూ సెంటర్లలో రాయవచ్చు. స్టాటిక్స్, ఫ్లూయిడ్స్, సాయిల్స్ ఇంకా బుర్రలో ఉండగానే రాస్తే ఆరేడు వారాల చదువుతో అయిపోతుంది. ఉద్యోగంలో నాలుగేళ్లు గడిచాక మ్యాట్రిక్సులు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు మళ్లీ తీయడం విసుగు. బీటెక్‌లో వాడిన కాసియో ఎఫ్ఎక్స్-991 పెట్టె అడుగున ఉంటే బయటకు తీయండి, మోడల్ పేరులో ఎఫ్ఎక్స్-991 అని ఉంటే చాలు, పరీక్షకు అనుమతిస్తారు. ఎఫ్ఈ పాసైతే ఈఐటీ (ఇంజినీర్ ఇన్ ట్రైనింగ్) సర్టిఫికెట్ కూడా తీసుకోండి. రెజ్యూమె మీద ఆ మూడక్షరాలు కనబడితే, ఈ కుర్రాడు సివిల్‌లోనే ఉండబోతున్నాడని కంపెనీకి నమ్మకం కలుగుతుంది. వీసాకు స్పాన్సర్ చెయ్యాలా వద్దా అని ఆలోచించే యజమాని దగ్గర ఆ నమ్మకం పనికొస్తుంది.

ఇక అనుభవం. దీని మీద కాస్త నిదానంగా చదవండి.

ల్యాండ్ డెవలప్‌మెంట్ కంపెనీల్లో కొత్తవాళ్లను సివిల్ 3డీ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెడతారు. ప్లాట్లు, గ్రేడింగ్ షీట్లు, పైపు ప్రొఫైళ్లు. సీనియర్ ఎర్ర పెన్నుతో దిద్ది ఇస్తాడు, మీరు మార్చి ఇస్తారు. మొదటి ఏడాది ఇలా గడిస్తే తప్పు లేదు, డ్రాయింగ్ చదవడం అక్కడే వస్తుంది. ఇబ్బందల్లా మీ చెయ్యి వేగంగా ఆడితేనే. చేయి తిరిగిన డ్రాఫ్టర్‌ను ఏ మేనేజరూ వదులుకోడు. మూడేళ్లయినా అదే కుర్చీలో ఉంచేస్తాడు, అందరూ మంచివాడనే అంటారు, బోర్డు దృష్టిలో మాత్రం ఇంజినీరింగ్ అనుభవం పెద్దగా పోగవదు. కాబట్టి ఏడాది నిండగానే మీరే నోరు తెరిచి అడగాలి. డిటెన్షన్ పాండ్ (వాన నీటిని ఆపి మెల్లగా వదిలే చెరువు) సైజింగ్ లెక్క నన్ను చెయ్యనివ్వండి, స్టార్మ్ సీవర్ హైడ్రాలిక్ గ్రేడ్ లైన్ (వాననీటి పైపుల్లో నీరు ఎంత ఎత్తుకు లేస్తుందో చూపే గీత) నేను చూస్తాను, కౌంటీ (జిల్లా లాంటి పాలనా విభాగం) రివ్యూ కామెంట్లకు మొదటి జవాబు నేను రాస్తాను అని. నిర్మాణం మొదలయ్యాక సైట్‌కు తీసుకెళ్లమనండి. కాగితం మీద అర శాతం వాలు గీయడం తేలికే. అదే వాలు బంకమట్టిలో నిలబెట్టడానికి కాంట్రాక్టరు పడే పాట్లు చూస్తే మళ్లీ గీసేటప్పుడు మీ చెయ్యి వేరేగా కదులుతుంది.

ఇంజినీరింగ్ విచక్షణ అంటే ఏమిటో మన హ్యూస్టన్ వానతోనే చెబుతాను. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చింది, నెడర్లాండ్ దగ్గర మొత్తం 60 అంగుళాలు దాటి కురిసింది. 2018 సెప్టెంబరులో అమెరికా వాతావరణ సంస్థ నోవా టెక్సస్‌కు అట్లాస్ 14 వర్షపాత అంచనాలు విడుదల చేసింది. హ్యూస్టన్ ప్రాంతంలో 24 గంటల వందేళ్ల వాన (ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వాన) పాత లెక్కలో 13 అంగుళాలు, కొత్త లెక్కలో 18 దాకా వెళ్లింది. అంతకుముందు వందేళ్లకోసారి అనుకున్న వాన పాతికేళ్ల వానగా దిగిపోయింది. ఇప్పుడు ఆలోచించండి. వాన నుంచి ప్రవాహం లెక్కకట్టే హెక్-హెచ్ఎంఎస్ సాఫ్ట్‌వేర్‌లో మీరు ఏ వర్షపాత పట్టిక వేస్తే అది దానికి తగ్గ జవాబే ఇస్తుంది, ఎర్ర దీపం వెలిగించి హెచ్చరించదు. పాత వానతో కట్టిన చెరువు పక్కనే కొత్త లేఅవుట్ వస్తోంది, ఆ చెరువులోకే నీళ్లు వదలాలంటున్నాడు క్లయింటు. కౌంటీ నియమం కాగితం మీద దాన్ని ఒప్పుకున్నా, కింద ఉన్న కాలనీ గతి ఏమిటి? ఈ ప్రశ్న మీకు మీరుగా తట్టిన రోజు, దాన్ని లెక్కతో సహా మీ పీఈ ముందు పెట్టిన రోజు, మీ అనుభవం లెక్కలోకి వచ్చినట్టు. మూసీ వరద 1908లో హైదరాబాద్‌ను ముంచాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. హ్యూస్టన్ 1929, 1935 వరదల తర్వాత ఆడిక్స్, బార్కర్ జలాశయాలు కట్టుకుంది. రెండు ఊళ్లూ తర్వాత ఆ జలాశయాల అంచుల దాకా ఇళ్లు కట్టుకున్నాయి. ఇది మీ ప్రశ్నకు సంబంధం లేని మాటే గానీ, డ్రైనేజీలో ఉండబోతే ఈ రెండు కథలూ తీరిగ్గా చదవండి.

అనుభవం రాసిపెట్టుకోవడం మూడు నెలలకోసారి చెయ్యండి. నాలుగేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే అన్నీ ఒకేలా ఉంటాయి: "డిటెన్షన్ పాండ్ డిజైన్‌లో టీమ్‌కు సహాయపడ్డాను." ఇలాంటి వాక్యం నా ముందుకు వస్తే వెనక్కి పంపేస్తాను, దాంతో బోర్డుకు ఏమీ తెలియదు. అదే పని గురించి ఇలా రాయవచ్చు: ఇన్ని ఎకరాల లేఅవుట్‌కు అభివృద్ధికి ముందు, తర్వాత వచ్చే ప్రవాహాలు నేను లెక్కకట్టాను. అవుట్‌లెట్ పైపును రెండు సైజుల్లో పోల్చి చూశాను. దిగువ కాలువలో నీటిమట్టం ఎక్కువ ఉన్నప్పుడు పెద్ద పైపు వల్ల ప్రయోజనం లేదని తేలింది, చిన్నది సిఫారసు చేశాను. ఫలానా పీఈ సరిచూసి ఆమోదించారు. రాసేది ఇంగ్లిష్‌లోనే అనుకోండి, కానీ అందులో "నేను" ఉండాలి, ఒక నిర్ణయం ఉండాలి, దానికి కారణం ఉండాలి. మీరు స్టెమ్ ఓపీటీకి (ఓపీటీ పొడిగింపుకు) వెళ్లేటప్పుడు ఐ-983 ఫారంలో శిక్షణ లక్ష్యాలు రాయాలి కదా, దాన్ని హెచ్ఆర్‌కు వదిలేసి సంతకం పెట్టకండి. మీ సూపర్‌వైజర్‌తో కూర్చుని పీఈ అనుభవానికి సరిపడేలా రాయించుకోండి, ఒకే కష్టం రెండు చోట్ల పనికొస్తుంది.

కంపెనీ మారేటప్పుడు వెళ్లేలోపే అక్కడి అనుభవాన్ని ధ్రువీకరింపజేసుకోండి. ఎన్‌సీఈఈఎస్ ఖాతాలో ఎప్పటికప్పుడు చేయించుకునే వీలుంది. పీఈలు రిటైర్ అవుతారు, వేరే రాష్ట్రానికి వెళ్లిపోతారు, ఒక్కోసారి మనిషే ఉండడు. దరఖాస్తుకు మీ పని ఎరిగిన పీఈలు కనీసం ముగ్గురు సిఫారసు ఇవ్వాల్సి వస్తుంది. ఒకే బాస్ కింద నాలుగేళ్లు తలొంచుకుని పనిచేస్తే ఆ ముగ్గురు ఎక్కడి నుంచి వస్తారు? పక్క విభాగం పీఈతో ఒక చిన్న ప్రాజెక్టు, కౌంటీ సమావేశాల్లో కలిసే రివ్యూయర్లతో పరిచయం, ఏఎస్‌సీఈ (అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం) స్థానిక శాఖ మీటింగులు, ఇలాంటివి అప్పటికి అక్కరకొస్తాయి. ఇండియాలో ఎవరైనా సైట్ అనుభవం చేసి వచ్చి ఉంటే దాన్నీ వదులుకోనక్కరలేదు. అప్పటి పైఅధికారి ఇంజినీర్ అయి ఉండి రాతపూర్వకంగా చెబితే పరిశీలించే బోర్డులు ఉన్నాయి.

ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ఇంటర్వ్యూలో మీరూ ప్రశ్నలు అడగండి. ఈ ఆఫీసులో పీఈలు ఎంతమంది? నేను చేసే డ్రాయింగుల మీద సీలు వేసేది ఎవరు, ఆయన ఇక్కడే కూర్చుంటారా? గత కొన్నేళ్లలో ఇక్కడ ఈఐటీగా చేరి పీఈ అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మూడో ప్రశ్నకు తడబడితే ఆలోచించండి. వేరే ఊళ్లో ఉండే పీఈ నెలకోసారి వచ్చి కట్టలకు కట్టలు సీలు వేసి పోయే ఆఫీసైతే, పది వేల డాలర్లు ఎక్కువిస్తామన్నా వద్దనండి. మీ పనిని చూడని మనిషి మీ పనికి సాక్ష్యం ఎలా చెబుతాడు? అసలు పర్యవేక్షణ లేకుండా సీలు వేయడమే చట్టవిరుద్ధం.

మనవాళ్లలో ఒక గుణం ఉంది, పైవాళ్ల మాటకు ఎదురు చెప్పం. సార్ చెప్పారు కాబట్టి చేశాను అంటాం. ఇక్కడ నా దగ్గర చేరిన మన పిల్లల్లో చాలామందికి ఇది వదిలించడానికే ఎక్కువ కాలం పట్టింది. నేను అడిగింది తప్పని లెక్కలో కనబడినా మౌనంగా ఉండిపోతారు. 1981 జూలై 17న కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి కడ్డీ నాలుగో అంతస్తు వంతెననూ రెండో అంతస్తు వంతెననూ మోయాలి. ఉక్కు భాగాలు తయారుచేసే ఫ్యాబ్రికేటర్ సౌలభ్యం కోసం దాన్ని రెండు ముక్కలు చేశారు. కింది వంతెన పై వంతెన దూలానికి వేలాడింది. దాంతో నాలుగో అంతస్తు దూలం కింద ఉన్న నట్టు మీద భారం రెట్టింపయింది. బీటెక్ రెండో ఏడాది కుర్రాడు ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీస్తే తెలిసిపోయే సంగతి. మార్పు ఉన్న షాప్ డ్రాయింగుల (ఫ్యాబ్రికేటర్ తయారీ కోసం గీసే డ్రాయింగుల) మీద ఇంజినీర్ల స్టాంపు పడింది, ఆ జాయింటు లెక్క మాత్రం ఎవరూ చెయ్యలేదు. పైగా మొదటి డిజైన్ కూడా నగర కోడ్ అడిగిన బలంలో సుమారు 60 శాతమే. బాధ్యులైన ఇంజినీర్ల లైసెన్సులను మిస్సోరీ రద్దు చేసింది. షాప్ డ్రాయింగ్ చూడమని బాస్ మీకిచ్చి "మామూలే, సాయంత్రానికి అయిపోవాలి" అన్నప్పుడు ఏదైనా తేడాగా అనిపిస్తే చెప్పండి. మంచి పీఈ కోప్పడడు. కోప్పడితే ఆయన కింద ఎన్నాళ్లు ఉండాలో మీకు తెలిసిపోతుంది.

పీఈ పరీక్షకు వస్తే, టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాలు ఇప్పుడు అనుభవం పూర్తికాకముందే రాయనిస్తున్నాయి. అలాగని ఎఫ్ఈ అయిన నెలకే పరుగెత్తకండి. రెండేళ్ల పని అనుభవం ఉంటే ప్రశ్నల్లో సగం రోజూ ఆఫీసులో చూసేవే అవుతాయి. 80 ప్రశ్నలు, ఎనిమిది గంటలు, విరామంతో కలిపి తొమ్మిది గంటల సీటు. 2022 జనవరి నుంచి కంప్యూటర్ మీదే. అంతకుముందు జనం చక్రాల సూట్‌కేసుల్లో పుస్తకాలు నింపుకుని హాలుకు వెళ్లేవారు. ఇప్పుడు తెర మీద పీఈ సివిల్ హ్యాండ్‌బుక్, నిర్దేశించిన కోడ్ పుస్తకాలు తప్ప ఏమీ ఉండవు. అందుకే మొదటి రోజు నుంచీ ఆ పీడీఎఫ్‌లో వెతుకుతూనే ప్రాక్టీసు చెయ్యండి, ఏ పదం కొడితే ఏ పేజీ వస్తుందో చేతికి అలవాటు కావాలి. 2024 ఏప్రిల్ నుంచి ఇంకో మార్పు వచ్చింది. సగం అందరికీ ఉమ్మడి, సగం ఎంచుకున్న విభాగం అనే పద్ధతి తీసేశారు. కన్‌స్ట్రక్షన్, జియోటెక్నికల్, స్ట్రక్చరల్, ట్రాన్స్‌పోర్టేషన్, వాటర్ రిసోర్సెస్ - ఎన్విరాన్‌మెంటల్ అనే అయిదింటిలో మీరు ఎంచుకున్నదాని సిలబస్సే రోజంతా. సీనియర్లు వాట్సాప్‌లో తిప్పే పాత నోట్సు చదివే ముందు తేదీ చూసుకోండి. మీరు చేస్తున్న పనికి వాటర్ రిసోర్సెస్ సరిపోతుందని నా అభిప్రాయం. స్ట్రక్చరల్ మీద మోజుతో పనిలో ఎన్నడూ చూడని సబ్జెక్టు ఎంచుకుంటే కష్టం రెట్టింపు.

యూనిట్లంటే భయపడకండి. నీళ్ల పనిలో మనకు ఒక లాభం ఉంది. శ్రీశైలం, సాగర్ వార్తలు వింటూ పెరిగాం కాబట్టి క్యూసెక్కు కొత్త కాదు, ఇక్కడ సీఎఫ్ఎస్ అనేది అదే. ఎకర్-ఫుట్ అంటే 43,560 ఘనపుటడుగులు, మన ఒక్క టీఎంసీకి సుమారు 22,957 ఎకర్-ఫుట్లు. కాంక్రీటు దగ్గర మాత్రం జాగ్రత్త. 4,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అంటే 27.6 మెగాపాస్కల్, మన ఎం25 గ్రేడు కాంక్రీటుకు కాస్త ఎక్కువ అనుకుంటారు. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో బలం కొలిచేది 150 మిల్లీమీటర్ల క్యూబ్ మీద, ఇక్కడి కోడ్ ఏసీఐ 318లో సిలిండర్ మీద. సిలిండర్ బలం క్యూబ్ బలంలో దాదాపు 0.8 వంతే ఉంటుంది. ఆ లెక్కన 4,000 పీఎస్ఐ కాంక్రీటు మన ఎం35కు దగ్గర. ఇండియా నుంచి వచ్చిన అనుభవజ్ఞులు కూడా ఇక్కడ తడబడతారు.

ఐటీ సంగతి. మొదటి అయిదారేళ్లలో అక్కడ జీతం ఎక్కువ, కాదనను. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ప్రకారం 2024 మేలో సివిల్ ఇంజినీర్ల మధ్యస్థ వార్షిక జీతం 99,590 డాలర్లు, అంటే సగంమందికి అంతకంటే ఎక్కువ, సగంమందికి తక్కువ. కొత్తవాళ్లు సహజంగానే దాని కింద ఉంటారు. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు మెడ మీద ఉంటే, ఇష్టం కూడా ఐటీ వైపే ఉంటే, నిజంగా నేర్చుకుని వెళ్లండి, తప్పేం లేదు. కానీ రూమ్మేట్లు చెబుతున్నది కన్సల్టెన్సీ వండి పెట్టే ఏడేళ్ల రెజ్యూమె గురించి అయితే ఆ దారి తొక్కకండి. వీసా ప్రమాదం అలా ఉంచి, రేపు సివిల్‌కు తిరిగొచ్చి బోర్డు ముందు దరఖాస్తు పెట్టినప్పుడు మీరు ఎప్పుడు ఎక్కడ పనిచేశారో సంతకం చేసి చెప్పాలి. రెండు చోట్ల రెండు చరిత్రలు ఉంటే ఏం జవాబు చెబుతారు?

వీసా గురించి ఒక నిజం కూడా చెప్పాలి. ఓపీటీ 12 నెలలు, స్టెమ్ పొడిగింపు 24 నెలలు, కలిపి మూడేళ్లు. పీఈకి నాలుగేళ్ల అనుభవం. అంటే హెచ్1బీ ఉద్యోగ వీసా తేలేది మీరు పీఈ కాకముందే. పీఈ ఉన్నంత మాత్రాన ఆ ఎంపికలో నేరుగా కలిసొచ్చేదీ లేదు. కాబట్టి ఉద్యోగంలో చేరేటప్పుడే స్పాన్సర్ చేస్తారా, ఇ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను ప్రభుత్వం దగ్గర సరిచూసే వ్యవస్థలో) ఉన్నారా అని తేల్చుకోండి. ప్రభుత్వ రవాణా శాఖలు కొన్ని స్పాన్సర్ చేస్తాయి, కొన్ని చెయ్యవు. చిన్న కంపెనీలకు ఇష్టం ఉన్నా పద్ధతి తెలియక వెనకాడతాయి. అలాంటిచోట ఒక మంచి లాయర్ పేరు మీరే పట్టుకెళ్లి ఇస్తే పని జరిగిన సందర్భాలు ఉన్నాయి.

లైసెన్సు వచ్చాక ఏం మారుతుందో కూడా అడిగారు. జీతం కొంత పెరుగుతుంది, విజిటింగ్ కార్డు మారుతుంది, అది సరే. అసలు మార్పు ఫోన్లలో వస్తుంది. "అన్నా, ఇంటి వెనక పాటియో కవర్ వేస్తున్నాం, సిటీ వాళ్లు ఇంజినీర్ స్టాంపు అడుగుతున్నారు, ఒక్కటి కొట్టిపెట్టవా" అని. గుడి హాలు విస్తరణ అంటారు, స్నేహితుడి గోదాము అంటారు. తెలుగువాళ్లం కదా, కాదనడం మొహమాటం. కానీ మీరు గీయని, మీ ఆధ్వర్యంలో జరగని పని మీద సీలు వెయ్యకూడదు. టెక్సస్ లైసెన్సు మీద సివిల్ అనో స్ట్రక్చరల్ అనో విభజన లేకపోయినా, మీకు ప్రావీణ్యం లేని రంగంలో సీలు వెయ్యడం నియమోల్లంఘనే. డ్రైనేజీ చేసేవాడు పాటియో దూలాల జోలికి పోకూడదు. పైగా బయటివాళ్లకు ఇంజినీరింగ్ సేవలు ఇవ్వాలంటే, ఒక్కరే చేసినా, బోర్డు దగ్గర ఫర్మ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. హెచ్1బీ మీద ఉంటే పక్క పని అసలే కుదరదు. కంపెనీ ఇన్సూరెన్స్ మీ సొంత సంతకానికి అండగా రాదు. "కంపెనీ రూల్స్ ఒప్పుకోవు బాబాయ్" అని చెప్పేసి, ఆ పని చేసే స్ట్రక్చరల్ ఇంజినీర్ నంబరు ఇచ్చెయ్యండి. నొచ్చుకుంటే రెండు వారాలు నొచ్చుకుంటారు.

ఆ తర్వాత ఏటా 15 గంటల వృత్తి శిక్షణ, అందులో కనీసం ఒక గంట నైతిక నియమావళి మీద, ఏటా రెన్యువల్. పెద్ద భారం కాదు.

రాష్ట్రం మారితే మళ్లీ ఆ రాష్ట్ర లైసెన్సు కావాలి. అందుకే ఎన్‌సీఈఈఎస్ రికార్డు ఒకసారి కట్టుదిట్టంగా తయారుచేసుకుంటే తర్వాత పని తేలిక. కాలిఫోర్నియా వెళ్తే భూకంప సూత్రాలు, సర్వేయింగ్ మీద ఆ రాష్ట్రపు పరీక్షలు రెండు అదనంగా రాయాలి. ఇల్లినాయిలో భవనాల స్ట్రక్చరల్ డిజైన్ చేయాలంటే 1915 నుంచీ వేరే లైసెన్సు ఉంది, దానికి ఎస్ఈ (స్ట్రక్చరల్ ఇంజినీర్) పరీక్ష రాయాలి, అది పీఈకంటే బాగా కఠినం. మీకు ఆ ఉద్దేశం లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఒకవేళ నాలుగైదేళ్ల తర్వాత ఇంటికి వెళ్లిపోవాల్సి వచ్చినా పీఈ వృథా పోదు. హైదరాబాద్, బెంగళూరుల్లో అమెరికా ప్రాజెక్టులు చేసే డిజైన్ సెంటర్లు ఉన్నాయి, అక్కడ ఇక్కడి కోడ్లు, ఇక్కడి రివ్యూ పద్ధతి తెలిసిన పీఈకి టీమ్ లీడ్ స్థాయిలో గిరాకీ ఉంటుంది. లైసెన్సు ఏ దేశంలో ఉన్నా రెన్యువల్ చేసుకోవచ్చు, శిక్షణ గంటలు ఆన్‌లైన్‌లో పూర్తి చెయ్యవచ్చు. చిరునామా మారినప్పుడు మాత్రం బోర్డుకు వెంటనే తెలపండి, రెన్యువల్ నోటీసు పాత అపార్ట్‌మెంట్‌కు వెళ్లి లైసెన్సు గడువు దాటిపోయినవాళ్లు ఉన్నారు.